అపరాహ్ణ ఏకాగ్రతా లోపం

అసర్ నమాజులో సిలార్ సాహెబు మనసు నమాజు మీద లేదని యంత్రం చెప్పింది. ఉల్లిపాయల మీద ఉందని మాత్రం ఆయనే చెప్పాడు.

"ఏ ఉల్లిపాయలండీ?" అని అడిగింది డాక్టర్ సుచరిత, చేతిలోని ట్యాబ్ మీద గ్రాఫ్ చూసుకుంటూ.

"పొద్దున మా ఆవిడ తెమ్మంది. మర్చిపోయాను. రెండో రకాతులో నడుం వంచినప్పుడు గుర్తొచ్చింది."

"అక్కడ ముప్ఫై నాలుగు ఉంది. ఆ తర్వాత నుదురు నేలకి ఆనించినప్పుడు ఇరవై తొమ్మిదికి పడిపోయింది. అప్పుడేమైంది?"

"మోకాలు కలుక్కుమందమ్మా."

ఆమె రెండూ రాసుకుంది. సిలార్ చాప మడిచి లాకర్లో పెట్టి, టోపీ కింద కట్టుకున్న పట్టీ విప్పి ఆమెకిచ్చాడు. ప్రయోగం మొదలై ఆరు రోజులైంది. ఇంతవరకూ వచ్చిన మార్కుల్లో పెద్దది ముప్ఫై ఎనిమిది. కావలసింది డెబ్బై.

ఈ మార్కుల గొడవ ఏమిటో చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి. నదులు సముద్రం దాకా రావడం మానేశాక కొత్తరేవు నగరం సముద్రాన్నే తాగడం మొదలుపెట్టింది. ఊరి చివర, చేపల రేవుకి అవతల, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు ఉంది. అక్కడ సముద్రపు నీటిని విపరీతమైన ప్రెషర్‌తో మెంబ్రేన్ల గుండా తోస్తారు. మెంబ్రేన్ అంటే జల్లెడ అనుకోండి. నీళ్ళు దాటుతాయి, ఉప్పు ఆగిపోతుంది. ప్రెషర్ ఎక్కువైతే మెంబ్రేన్ చిరుగుతుంది, తక్కువైతే తొమ్మిది లక్షల మందికి కుళాయి రాదు. అందుకని కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ ముందు ఎప్పుడూ ఇద్దరు మనుషులు కూర్చుంటారు. యంత్రాలే అన్నీ చూసుకోగలవు గానీ, ఏదైనా జరిగితే తిట్టడానికి ఒక మనిషి ఉండాలి కదా.

ఆ మనిషి ఊరికే కూర్చున్నాడా, మనసు పెట్టి కూర్చున్నాడా అని చూడటానికి వచ్చింది మనోమాపకం. పేరు పెద్దదే గానీ, చూడటానికి నుదుటికి కట్టుకునే గుడ్డ పట్టీ, అంతే. అందులో పదహారు సెన్సర్లు. మనం పుస్తకం చదువుతూ చదువుతూ పేజీ చివరికొచ్చాక ఒక్క ముక్కా బుర్రకెక్కలేదని తెలుసుకుంటాం చూడండి. కళ్ళు చదివాయి, మనసు ఎటో పోయింది. అలా పోయినప్పుడు మెదడులోని విద్యుత్తు నడక మారుతుంది. ఆ మార్పుని పట్టుకుని పట్టీ నూటికి మార్కులు వేస్తుంది. మనం ఏమాలోచిస్తున్నామో దానికి తెలియదు. చేస్తున్న పని మీద ఉన్నామా లేదా అన్నది మాత్రం తెలుసు. దాన్ని కనిపెట్టింది సుచరితే.

పట్టీ వచ్చాక విరామాల పద్ధతి మారిపోయింది. మధ్యాహ్నం భోజనానికి అరగంట ఎప్పటిలాగే ఉంది. అది కాక రోజుకి ఒక్కసారి పది నిమిషాలు కుర్చీ వదలొచ్చు. అయితే మనసు కుదుటపడే పనికే వదలాలి. ఏ పనిలో డెబ్బై మార్కులు దాటితే ఆ పని జాబితాలోకి ఎక్కుతుంది. టీ ఎక్కింది, ఎందుకంటే సిలార్ పక్క కుర్చీలో కూర్చునే యేసుపాదానికి టీ తాగేటప్పుడు డెబ్బై రెండు వచ్చింది. మేనేజర్ భానుమూర్తి గారి ధ్యానానికి ఎనభై వచ్చింది. కూర్చుని కునుకు తీసినా ఎనభై వస్తుందని సుచరితకి తెలుసు గానీ, ఆ సంగతి ఆమెని ఎవరూ అడగలేదు. నమాజు జాబితాలో లేదు. దాన్ని ఎవరూ కొలవలేదు.

సిలార్‌కి యాభై ఆరేళ్ళు. నూర్‌బాషా వాళ్ళు. ఇంట్లో మాట తెలుగే, తాతల నాటి పని దూది ఏకడం. ఈ ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా, మధ్యాహ్నం నమాజు భోజనాల వేళలో కానిచ్చుకుని, సాయంత్రం అసర్ వేళకి యేసుపాదానికి కళ్ళతో సైగ చేసి లేచేవాడు. నీటి పరీక్షల కుళాయి దగ్గర ఒక్క మగ్గు నీళ్ళతో చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకునేవాడు. స్పేర్ మెంబ్రేన్ల పెట్టెల వెనక చాప పరుచుకునేవాడు. తొమ్మిది నిమిషాల్లో మళ్ళీ కుర్చీలో ఉండేవాడు. ఆదివారం యేసుపాదం చర్చి నుంచి ఆలస్యంగా వస్తే ఈయన చూసుకునేవాడు. ఇదంతా కాగితం మీద లేని ఏర్పాటు. పట్టీ వచ్చాక కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ 'అనుమతి లేని గైర్హాజరు' అని నమోదవుతోంది. అవి పది అయితే ఉద్యోగం పోతుంది. సిలార్‌కి అప్పటికే ఎనిమిది అయ్యాయి.

"ఇంటికెళ్ళి చేసుకోవచ్చుగా సాయిబు గారూ?" అని అందరూ అడిగేవాళ్ళు. చలికాలం, డ్యూటీ దిగేది ఆరింటికి. ఈలోగా పొద్దు గూకుతుంది, అసర్ వేళ దాటిపోతుంది. ఈ ముక్క ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. దేవుడు గంటసేపు ఆగలేడా అన్నవాళ్ళున్నారు. మీవాళ్ళలో చెయ్యనివాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా అన్నవాళ్ళున్నారు. ఉర్దూ రాదంటావు, నమాజెట్లా చేస్తావని స్టోర్స్ గుమాస్తా ఏటా అడిగేవాడు. నమాజు ఉర్దూలో ఉండదు, అరబ్బీలో ఉంటుందని ఈయన ఏటా చెప్పేవాడు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళయితే జవాబు చెప్పకుండా పోవచ్చు. మొదట్లో సిలార్ కూర్చోబెట్టి వివరంగా చెప్పేవాడు. తర్వాత రెండు ముక్కల్లో చెప్పేవాడు. ఈమధ్య నవ్వి ఊరుకుంటున్నాడు. నవ్వడానికి కూడా ఓపిక ఉండటం లేదని ఇంట్లో భార్య మీరాంబీతో అన్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది సుచరిత.

"మీరింకెవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. పన్నెండు రోజులు పట్టీ కట్టుకుని నమాజు చెయ్యండి. ధ్యానానికే ఎనభై వచ్చింది, మీకు తొంభై వస్తుంది. నమాజు జాబితాలోకి ఎక్కుతుంది. ఆ పన్నెండు రోజులూ పది నిమిషాలకి అనుమతి నేను తెస్తాను. ఆ తర్వాత అందరికీ యంత్రమే చెప్తుంది."

ఎవరికీ చెప్పుకోనక్కర్లేదన్న మాట దగ్గరే సిలార్ పడిపోయాడు. మిగతాది సరిగా విననే లేదు.

ఉల్లిపాయల రోజున సుచరిత ఉండబట్టలేక అడిగింది. "ఏమనుకోకండి సాయిబు గారూ. ప్యానెల్ ముందు మీకు ఎనభై ఎనిమిది వస్తుంది. ప్లాంటు మొత్తంలో అంత ఎవరికీ రాదు. మనసు నిలపడం మీకు చేతకాక కాదు. మరి నమాజులో ఎందుకు నిలవదు?"

"ప్యానెల్ మీద ముల్లు కదులుతా ఉంటుందమ్మా. మనసు దాని వెంట పోతుంది. ఇక్కడ కదిలేదేముంది? నేనొక్కణ్ణే. నాలో ఉన్న చెత్తంతా పైకొస్తుంది."

"మనసు లేకుండా చేస్తే ఏం లాభం?" ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఇంట్లో ఆమె దీపం కూడా పెట్టదు. నమ్మితే గ్రాఫుల్ని నమ్ముతుంది.

సిలార్‌కి మళ్ళీ అలుపొచ్చింది. అయినా చెప్పాడు. "మనసు వచ్చినప్పుడే చెయ్యమంటే నేను ఏడాదికి రెండుసార్లు చేసేవాణ్ణి. అది రాదని తెలిసే రోజుకి అయిదుసార్లు రమ్మన్నారు. ఒళ్ళు వచ్చి నిలబడటం నా వంతు."

"మరి మనసు?"

"అదెప్పుడో వస్తుంది. వచ్చినప్పుడు నేను అక్కడ ఉండాలిగా."

ఆ మాట రాసుకుందామని ఆమె ఫారం కిందికీ పైకీ జరిపి చూసింది. అలాంటి గడి అందులో లేదు.

మర్నాడు యేసుపాదం టీ గ్లాసు పట్టుకుని వచ్చి చెవిలో చెప్పాడు. "సిలారన్నా, పరీక్షలో మార్కులు రావాలంటే పరీక్ష కోసం చదవాలి. దేవుడి కోసం తర్వాత చదువుకో. ఎవరొద్దన్నారు?"

ఇంట్లో మీరాంబీ కూడా అదే అంది. "రెండే మిగిలినయ్యంట కదండీ, మొత్తం పదయితే పీకేస్తారంట. ఆ డెబ్బై ఏదో తెచ్చుకుని రండి. ఉల్లిపాయలు నేను తెచ్చుకుంటాలే."

తొమ్మిదో రోజు సిలార్ పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఒక్కొక్క అక్షరాన్నీ పట్టుకుని వేలాడాడు. మోకాలు కలుక్కుమన్నా పట్టించుకోలేదు. ఉల్లిపాయలు, కరెంటు బిల్లు, పంపు హౌస్‌లో కారుతున్న సీలు, ఏది రాబోయినా బయటికి తోసేశాడు. పెట్టెల అవతల నిలబడ్డ సుచరితకి ట్యాబ్ మీద అంకె పెరగడం కనిపిస్తోంది. యాభై. అరవై. ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన కుడివైపుకీ ఎడమవైపుకీ సలాం చెప్పి నమాజు ముగించేసరికి ఆగలేక చప్పట్లు కొట్టింది.

"డెబ్బై నాలుగు!"

కుర్చీలోంచి యేసుపాదం విజిల్ వేశాడు. సిలార్ మాత్రం చాప మీదనుంచి లేవలేదు. పట్టీ విప్పి పెట్టె మీద పెట్టి, మళ్ళీ నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అయిపోయిందిగా సాయిబు గారూ?"

"లేదమ్మా. ఇప్పుడు చెయ్యాలి."

మళ్ళీ మొదట్నుంచీ చేశాడు. పది నిమిషాలు దాటిపోయాయి. ఖాళీ కుర్చీ మీద దీపం వెలిగి, తొమ్మిదో గైర్హాజరు నమోదైంది.

"ఇందాకటి మార్కు తీసెయ్యండమ్మా," అన్నాడు సిలార్ చాప మడుస్తూ.

"అదొక్కటే బాగా వచ్చింది!"

"అందుకే తీసెయ్యమంటున్నా. ఇందాక నేను నిలబడింది పైవాడి ముందు కాదు, మీ ట్యాబు ముందు. చదివే ప్రతి ఆయతుకీ ఇప్పుడెంత వచ్చిందో, ఇప్పుడెంత వచ్చిందో అనుకుంటానే ఉన్నాను. ఇంకొకరు చూడాలని చేసే నమాజు మాలో చాలా పెద్ద తప్పు. ఉల్లిపాయలు గుర్తొస్తే అది పేలవమైన నమాజు. ఇది అసలు నమాజే కాదు."

"అదుంటే మిగతావి ఎలాగో సర్దుతాను. లేకపోతే మీ ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసమ్మా."

సుచరితకి కోపం వచ్చింది. సాయం చేయబోతే చెయ్యి తోసేసే మనిషి మీద ఎవరికైనా వచ్చే కోపమే అది. డెబ్బై నాలుగు కొట్టేసి వెళ్ళిపోయింది.

పన్నెండు రోజులూ అయ్యాక సగటు ముప్ఫై మూడు తేలింది. భానుమూర్తి గారు సిలార్‌ని తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించి, కాఫీ తెప్పించాడు. పాపం, ఆయన మంచి మనిషే.

"మీరు అదృష్టవంతులండీ సిలార్ గారూ. నమాజులో ముప్ఫై మూడు, ప్యానెల్ దగ్గర ఎనభై ఎనిమిది! మేం కళ్ళు మూసుకుని తపస్సు చేస్తే గానీ రానిది మీకు వాల్వు చూస్తే వచ్చేస్తోంది. మీకు దేవుడు పనిలోనే దొరికాడు. ఇంక చాపతో పనేముంది?"

"దొరకలేదండీ," అన్నాడు సిలార్.

భానుమూర్తి దాన్ని వినయమనుకుని మెచ్చుకున్నాడు. ఇకమీదట కుర్చీ వదలొద్దని, తొమ్మిది అయ్యాయి కాబట్టి జాగ్రత్తగా ఉండమని నచ్చజెప్పి పంపాడు.

మర్నాడు అసర్ వేళ అయింది. లేస్తే ఉద్యోగం పోతుంది, లేవకపోతే నమాజు పోతుంది. లేవలేని రోగులు ఉన్నచోటనే తల వంచుతూ నమాజు చదువుకునే వెసులుబాటు ఇస్లాంలో ఉంది. సిలార్ ఆ కుర్చీని మంచమనుకున్నాడు. ఇంటికెళ్ళి మళ్ళీ సరిగా చదువుకోవచ్చని మనసుకి సర్దిచెప్పుకుని, చూపు ప్రెషర్ ముల్లు మీదే ఉంచి, పెదాలు కదపడం మొదలుపెట్టాడు.

పని వేళ కనుక నుదుటిమీద పట్టీ ఉంది. ఎనభై ఎనిమిది మార్కు అరనిమిషంలో ముప్ఫై ఒకటికి పడిపోయింది. కుర్చీలో ఉన్న మనిషి మార్కు నలభై కిందికి దిగితే ఎర్రదీపం వెలిగి, ప్యానెల్ దానంతటది పక్క మనిషి చేతికి వెళ్ళిపోతుంది. సిలార్ ముందు ఆ దీపం వెలగడం అదే మొదలు. గంట గణగణ మోగింది. 'ఆపరేటర్‌కి అలసట. పది నిమిషాలు కుర్చీ వదలండి' అని స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి.

సిలార్ బిత్తరపోయి యేసుపాదం వంక చూశాడు.

"చూస్తావేంటన్నా? యంత్రమే పొమ్మంటోంది. ఇది గైర్హాజరు కింద రాదు. పో!"

సిలార్ వెళ్ళి వజూ చేసుకుని చాప పరిచాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజుకి దొంగతనం చేస్తున్నట్టు అనిపించి తనే భానుమూర్తి దగ్గరికి వెళ్ళాడు.

"అది అలసట కాదండీ. నేను కుర్చీలో నమాజు చదువుకుంటున్నాను."

"చాప లేకుండా నమాజేంటండీ? నాకా మాత్రం తెలియదా?" అన్నాడు భానుమూర్తి ఆదుర్దాగా. "యంత్రం అలసట అంటోంది. అలసట మనకి తెలియదు, లోపల్లోపల తినేస్తుంది. మా మేనమామ ఇట్లాగే బాగున్నాను బాగున్నాను అంటూనే పడిపోయాడు. ముందు డాక్టరమ్మకి చూపించుకోండి."

సిలార్ వివరంగా చెబుదామని నోరు తెరిచాడు. కూర్చున్నచోట నమాజు ఎలా కుదురుతుందో చెప్పాలంటే రోగుల సంగతి చెప్పాలి, మనసులో చేసుకునే నియ్యత్ అంటే ఏమిటో చెప్పాలి, ఇంకా ఎక్కడికో పోవాలి. ఓపిక లేకపోయింది. సరేనని వచ్చేశాడు.

ఆపరేటర్ల ఆరోగ్యం చూసేది కూడా సుచరితే. ఇరవై రోజులపాటు ఆయన్ని ఏమీ అడగకుండా ఎర్రదీపం రికార్డు చూస్తూ వచ్చింది. దీపం వెలిగిన వేళలు వరసగా ఉన్నాయి. నాలుగూ పదకొండు. నాలుగూ పదకొండు. నాలుగూ పన్నెండు. ఎండ నిలిచే కొద్దీ వేళ కూడా ఆలస్యమవుతోంది. ఆమెకి అర్థమైంది. కోపం ఎప్పుడో పోయింది. ఆ సాయంత్రమంతా తలుపేసుకుని కూర్చుని టైపు చేసింది.

మర్నాడు సిలార్ ముందు ఒక కాగితం పెట్టింది. జబ్బు పేరు: అపరాహ్ణ ఏకాగ్రతా లోపం. లక్షణం: రోజూ సాయంత్రం పూట రోగి మనసు ఒకచోట నిలవదు, సూర్యుడి నడకని బట్టి వేళ కొద్దికొద్దిగా మారుతుంది. ప్రాణానికి ప్రమాదం లేదు. వైద్యం: ఆ వేళకి పది నిమిషాలు కుర్చీ వదలాలి. ముఖం, చేతులు, పాదాలు చల్లటి నీళ్ళతో కడుక్కోవాలి. నిలబడటం, నడుం వంచడం, నుదురు నేలకి ఆనించడం మంచిది. ఈ విరామం శాశ్వతం.

అడుగున రోగి సంతకం పెట్టాల్సిన వాక్యం ఉంది. 'సాయంత్రం పూట నా మనసు నిలవడం లేదని ఒప్పుకుంటున్నాను.'

"మీరు అబద్ధం మీద సంతకం పెట్టరని తెలుసు," అంది సుచరిత. "అందుకే ఒక్క అబద్ధం కూడా రాయలేదు. వెతుక్కోండి."

సిలార్ కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. వెతికాడు. దొరకలేదు.

"నమాజు అన్న మాట ఎక్కడా లేదమ్మా."

"ఉంటే పాస్ కాదు సాయిబు గారూ."

"జబ్బంటున్నారు దీన్ని."

"కాగితం అంటోంది. నేననడం లేదు."

సిలార్ పెన్ను తీసుకున్నాడు. వాళ్ళ నాన్న చూస్తే ఏమంటాడోనని సిగ్గేసింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు కదా అని అంతకంటే పెద్ద నిమ్మళం కలిగింది. ఆ నిమ్మళానికి మళ్ళీ సిగ్గేసింది. సంతకం పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నానికి వార్త ప్లాంటంతా తెలిసిపోయింది. ఎందుకు, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. ఇరవై రెండేళ్ళలో నమాజు అర్థం కానివాళ్ళకి జబ్బు అరగంటలో అర్థమైంది. క్యాంటీన్ ఆవిడ పంచదార లేని పాలు పంపింది. స్టోర్స్ గుమాస్తా ఉర్దూ ఊసెత్తకుండా, మా బావమరిదికీ ఇట్లాంటిదే, కంగారు పడకండి అని ధైర్యం చెప్పాడు. పెట్టెల వెనక నేల చల్లగా ఉంటుందని ఎవరో మెత్తటి రబ్బరు పట్టా తెచ్చి వేశారు. సిలార్ అందరికీ దండాలు పెట్టాడు. వాళ్ళ ప్రేమ నిజమైనదే. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

సాయంత్రం నాలుగూ ఇరవై రెండుకి భానుమూర్తి గారే స్వయంగా కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

"సాయిబు గారూ, మీకు నీరసం వచ్చే వేళయింది. లేవండి, ఆలస్యం చెయ్యకండి. ప్యానెల్ మేం చూసుకుంటాం."

"లేస్తున్నానండీ."

"ఒక్కమాట. హెడ్డాఫీసు వాళ్ళు అడిగారు. ఇది మీ నాన్నగారికి కూడా ఉండేదా?"

సిలార్ లేచి నిలబడ్డాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. నిజం చెప్పి చెప్పి అలసిపోయాడు.

"ఉండేదండీ," అన్నాడు. "ఆయనకి రోజుకి అయిదుసార్లు వచ్చేది."

"అయ్యో పాపం," అన్నాడు భానుమూర్తి, నిజంగానే బాధపడి.